కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేశాక రెప్లికేషన్ మాయమైందా? ముందు ఏ ఇన్‌స్టెన్స్‌లో ఉన్నారో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. బెంగళూరు చిక్‌పేటలో చీరల హోల్‌సేల్ షాపు, అదే హెడ్డాఫీసు; మారతహళ్ళిలో, హొసూరులో చెరో షోరూము. హెడ్డాఫీసు సర్వర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 స్టాండర్డ్ ఎడిషన్. ఐటమ్ మాస్టర్ (సరుకుల జాబితా), రేట్లు అక్కడి నుంచి పావుగంటకోసారి రెప్లికేషన్‌లో, అంటే ఒక డేటాబేస్‌లో జరిగిన మార్పుల్ని ఇంకో డేటాబేస్‌కి దానంతట అదే పంపే ఏర్పాటులో, బ్రాంచీలకు వెళ్ళేవి. శనివారం సాయంత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి వచ్చి హెడ్డాఫీసులో కొత్త వెర్షన్ వేసి వెళ్ళాడు. బ్రాంచీలకు వచ్చే వారం వస్తానన్నాడు. సోమవారం పొద్దున మీరు ధర్మవరం పట్టు రేటు 7,900 నుంచి 8,450కి మార్చారు. మారతహళ్ళిలో మధ్యాహ్నం దాకా 7,900కే బిల్లులు పడ్డాయి. మేనేజ్‌మెంట్ స్టూడియో (ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని చూసుకునే టూల్) తెరిస్తే రెప్లికేషన్ ఫోల్డర్ కింద లోకల్ సబ్‌స్క్రిప్షన్స్ ఒక్కటే ఉంది, లోకల్ పబ్లికేషన్స్ అన్నదే లేదు. ఎస్‌క్యూఎల్ సెటప్ మళ్ళీ రన్ చేయాలా, లేక అన్నీ తీసేసి మొదటి నుంచి వేయాలా అని అడిగారు.

ఇప్పుడే రెండూ చేయకండి. మీ రెప్లికేషన్ పోయి ఉండకపోవచ్చు. మీరు వేరే ఇంట్లోకి వెళ్ళి వెతుకుతున్నారని నా అనుమానం.

"లోకల్ పబ్లికేషన్స్ అన్నదే లేదు" అన్న ముక్క మీరు రాయకపోయి ఉంటే నేను పది ప్రశ్నలు అడగాల్సి వచ్చేది. పబ్లికేషన్‌ని, అంటే బ్రాంచీలకు పంపాల్సిన టేబుళ్ళ జాబితాని, ఎవరైనా డిలీట్ చేస్తే ఆ ఫోల్డర్ ఉంటుంది, లోపల ఖాళీగా ఉంటుంది. ఫోల్డరే కనబడలేదంటే మీరు కనెక్ట్ అయింది ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కి. ఎక్స్‌ప్రెస్ సబ్‌స్క్రైబర్‌గా ఉండగలదు, అంటే డేటా పుచ్చుకోగలదు. పబ్లిషర్‌గా (పంపేవాడిగా), డిస్ట్రిబ్యూటర్‌గా (మధ్యలో మార్పుల్ని చేర్చేవాడిగా) ఉండటం దానికి కుదరదు. అందుకే మేనేజ్‌మెంట్ స్టూడియో ఆ ఫోల్డర్ చూపించదు. మీ సర్వర్‌లో స్టాండర్డ్ ఉందని మీరే అంటున్నారు. మరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడి నుంచి వచ్చింది? శనివారం సాయంత్రం వచ్చింది.

బిజినెస్ సాఫ్ట్‌వేర్ల సెటప్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే అవి తమ వెంట తెచ్చుకున్న ఎక్స్‌ప్రెస్‌ని కొత్త ఇన్‌స్టెన్స్‌గా, అంటే అదే మెషీన్‌లో విడిగా నడిచే ఇంకో ఎస్‌క్యూఎల్ సర్వర్‌గా పెట్టి, డేటాబేస్‌ని అక్కడ తయారుచేసి, పాత డేటాని దాంట్లోకి లాగేస్తాయి. "ఇప్పటికే ఉన్న సర్వర్‌ని వాడుకో" అనే ఆప్షన్ అడ్వాన్స్‌డ్ అన్న బటన్ వెనకాల ఎక్కడో దాక్కుని ఉంటుంది. శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చి, ఎనిమిదింటికి మెజెస్టిక్‌లో బస్సు పట్టుకోవాల్సిన కుర్రాడు ఆ బటన్ నొక్కుతాడని ఆశించలేం.

ఊహ మీద నడవొద్దు, రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. కమాండ్లు కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి. కొత్త క్వెరీ విండో తెరిచి సెలెక్ట్ @@సర్వర్‌నేమ్, @@వెర్షన్ అని రన్ చేయండి. సర్వర్ పేరు వెనక ఒక స్లాష్, ఆ తర్వాత ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్ అనో, సాఫ్ట్‌వేర్ పేరో వస్తే అది కొత్త ఇన్‌స్టెన్స్. వెర్షన్ లైన్ చివర్లో ఎడిషన్ కూడా కనబడుతుంది. ఆ లైన్‌లో ఉండే నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. 13తో మొదలైతే 2016, 14 అయితే 2017, 15 అయితే 2019, 16 అయితే 2022.

తర్వాత విండోస్ సర్వీసుల లిస్టు తెరవండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్న పేరుతో రెండు ఎంట్రీలు కనబడతాయి. బ్రాకెట్లో ఎంఎస్‌ఎస్‌క్యూఎల్‌సర్వర్ అని ఉన్నది మీ పాత స్టాండర్డ్, రెండోది కొత్తగా వచ్చిన చుట్టం. ఆ చుట్టానికి ఏజెంట్ సర్వీసు (టైముకి పనులు నడిపేది) కూడా లిస్టులో కనబడుతుంది, కానీ డిసేబుల్డ్ అని ఉంటుంది. దాన్ని స్టార్ట్ చేయాలని గంటలు గంటలు కొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. అది లేవదు. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ పనిచేయదు, పేరు మాత్రం లిస్టులో ఉంటుంది, అంతే.

ఇక అసలు విచిత్రం చూడండి. మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఈసారి స్లాష్ లేకుండా ఉత్త సర్వర్ పేరుతో కనెక్ట్ అవండి. లోకల్‌హోస్ట్ అనో, చుక్క అనో, ఐపీ అడ్రసో కొట్టకండి. రెప్లికేషన్ పనులకి అసలు సర్వర్ పేరే కావాలి, మారుపేర్లు ఒప్పుకోదు. లోపల మీ పాత పబ్లికేషన్ చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుందని నా నమ్మకం. రెప్లికేషన్ మానిటర్ తెరిస్తే అన్నీ పచ్చగా ఉంటాయి. ఎక్కడా ఎర్ర గుర్తు ఉండదు. లాగ్ రీడర్ (మార్పుల్ని చదివి పంపే ఏజెంట్) మీద డబుల్ క్లిక్ చేస్తే, పంపాల్సిన ట్రాన్సాక్షన్లు ఏమీ లేవు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు లైను ఒకటి పదే పదే కనబడుతుంది. నిజమే కదా పాపం. బిల్లులు, రేట్లు అన్నీ శనివారం సాయంత్రం నుంచి కొత్త ఇంట్లో పడుతున్నాయి. పాత ఇంట్లో రాసేవాళ్ళే లేరు. తపాలా పెట్టె తాళం సరిగ్గానే ఉంది, పోస్ట్‌మాన్ రోజూ వస్తున్నాడు, ఉత్తరాలు వేసేవాళ్ళు మాత్రం వీధి మార్చేశారు. అందుకే మీకు ఎర్రర్ మెయిల్ కూడా రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది తెలిశాక మీ ఓనరు గారు "అయితే పాత సాఫ్ట్‌వేరే తెరిచి రెండు రోజులు నడిపిద్దాం" అనొచ్చు. ఒప్పుకోకండి. శనివారం వరకు ఉన్న బిల్లులు పాత డేటాబేస్‌లో ఉన్నాయి, ఆ తర్వాతవి కొత్తదాంట్లో ఉన్నాయి. పాతది తెరిచి బిల్లు కొడితే అదే నంబరు రెండు ఇన్‌వాయిస్‌లకి పడుతుంది. జీఎస్టీలో ఇన్‌వాయిస్ నంబర్లు ఆ ఆర్థిక సంవత్సరంలో వరసగా, ఒకదానికొకటి కలవకుండా ఉండాలి. డేటాబేస్ గోల మనం సర్దుకోవచ్చు, ఆడిటర్‌కి సర్దిచెప్పడం మాత్రం కష్టం. ఈ రెండు మూడు రోజులు మారతహళ్ళికి, హొసూరుకి రేట్ల షీట్ వాట్సాప్‌లో పంపించి, అక్కడి వాళ్ళతో చేత్తో మార్పించండి.

ఇప్పుడు మరమ్మతు. పాత ఇన్‌స్టెన్స్‌లో ఏదీ ముట్టుకోకముందే ఒక పని చేయండి. రెప్లికేషన్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి జనరేట్ స్క్రిప్ట్స్ నొక్కి, పబ్లికేషన్ మొత్తాన్ని ఫైలుగా దాచుకోండి. ఏ టేబుళ్ళు వెళ్తున్నాయి, ఏ ఫిల్టర్ పెట్టారు, ఎన్ని నిమిషాలకోసారి వెళ్తుంది అన్నీ అందులో ఉంటాయి. పాస్‌వర్డులు మాత్రం అందులోకి రావు, అవి మీరు మళ్ళీ ఇవ్వాలి. నాలుగేళ్ళ క్రితం దీన్ని పెట్టిన మనిషి ఇప్పుడు మీ దగ్గర లేడని రాశారు కదా. ఆయన మనసులో ఏముందో ఆ ఫైలు ఒక్కటే చెబుతుంది. తర్వాత రెండు డేటాబేస్‌లకీ ఫుల్ బ్యాకప్, బ్రాంచి డేటాబేస్‌లకీ ఫుల్ బ్యాకప్. ఆ ఫైళ్ళని అదే మెషీన్‌లో వదిలేయకుండా బయట హార్డ్ డిస్క్‌లో పెట్టండి.

ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. కాగితం మీద రాసుకున్న నంబరు తీయండి.

ఎక్స్‌ప్రెస్ కూడా 13 అయితే, అంటే 2016 అయితే, మీరు అదృష్టవంతులు. దాని బ్యాకప్‌ని స్టాండర్డ్ ఇన్‌స్టెన్స్‌లో వేరే పేరుతో రిస్టోర్ చేసి, సాఫ్ట్‌వేర్ కనెక్షన్ సెట్టింగ్‌ని అక్కడికి తిప్పడమే. తిప్పగానే లాగిన్ ఫెయిల్డ్ అనో, డేటాబేస్ తెరవలేకపోతున్నాననో అనొచ్చు. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా అంటుంది. ఎందుకంటే డేటాబేస్ లోపలి యూజర్ రిస్టోర్‌తో పాటు వచ్చాడు, సర్వర్ స్థాయిలో ఉండాల్సిన లాగిన్ రాలేదు. ఆ లాగిన్‌ని తయారుచేసి, ఆల్టర్ యూజర్ కమాండ్‌తో ఇద్దరికీ ముడి వేస్తే సరిపోతుంది.

ఎక్స్‌ప్రెస్ 2019 అయితే, కొత్త సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా అదో, ఇంకా కొత్తదో వస్తుంది, ఆ బ్యాకప్ 2016 మీద రిస్టోర్ కాదు. 3169 అనే ఎర్రర్ ఇస్తుంది. కంపాటిబిలిటీ లెవెల్ తగ్గిస్తే అవుతుందని చాలామంది అనుకుంటారు. అవ్వదు. ఆ సెట్టింగ్ క్వెరీలు ఎలా నడవాలో చెబుతుందే తప్ప ఫైలు ఆకారాన్ని మార్చదు. అప్పుడు మీకు మిగిలేవి ఇవి. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళని పిలిచి, అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కించి, మీ 2016 స్టాండర్డ్ మీదే డేటాబేస్ తయారుచేయించి, శనివారం నుంచి పడిన డేటాని వాళ్ళ టూల్‌తోనే దాంట్లోకి తెప్పించడం ఒక దారి. వాళ్ళ సాఫ్ట్‌వేర్ 2016 మీద నడుస్తుందని రాతపూర్వకంగా చెప్పించుకోండి. లేదంటే కొత్త స్టాండర్డ్ లైసెన్స్ కొని, ఆ ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టెన్స్‌నే సెటప్‌లోని ఎడిషన్ అప్‌గ్రేడ్ ద్వారా స్టాండర్డ్‌గా మార్చుకోవడం. మైక్రోసాఫ్ట్ దీన్ని అనుమతిస్తుంది, డేటాబేస్ కదపక్కర్లేదు. 2022 దాకా వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎడిషన్లలో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు ఉంటుంది, మీది 8 దాటిందని రాశారు. రెప్లికేషన్ గొడవే లేకపోయినా ఒక పెళ్ళిళ్ళ సీజన్‌లో అది నిండి, బిల్లు మధ్యలో ఆగిపోయేది. 2016కి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ గడువు కూడా 2026 జూలై 14 వరకే. కాబట్టి ఓనరు గారి దగ్గర లైసెన్స్ మాట ఎత్తడానికి మీ చేతిలో రెండు కారణాలున్నాయి. నేనైతే రెండో దారికే వెళ్తాను.

ఎడిషన్ అప్‌గ్రేడ్ అయ్యాక సంబరపడి ఆగిపోకండి, ఇంకో మలుపు ఉంది. లోకల్ పబ్లికేషన్స్ ఫోల్డర్ వస్తుంది, న్యూ పబ్లికేషన్ నొక్కగానే, రెప్లికేషన్ కాంపోనెంట్లు ఈ సర్వర్‌లో ఇన్‌స్టాల్ కాలేదు, సెటప్ మళ్ళీ రన్ చేయండి అని 21028 నంబరుతో ఎర్రర్ రావచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీల సెటప్‌లు ఎస్‌క్యూఎల్‌ని చప్పుడు చేయకుండా, తెర మీద ఏమీ అడగకుండా వేస్తాయి. అలా వేసేటప్పుడు ఇచ్చే లైనులో ఫీచర్లు అన్న చోట ఎస్‌క్యూఎల్‌ఇంజిన్ అని మాత్రమే రాసి ఉంటే ఇంజిన్ ఒక్కటే వస్తుంది. రెప్లికేషన్ అన్నది దాని పక్కన విడిగా రాయాల్సిన ఫీచర్. వాళ్ళకి అక్కర్లేదు, రాయలేదు. తప్పని అనలేం.

ఇప్పుడు మాత్రం మీరు మొదట అడిగిన సెటప్ రన్ చేయాలి. అదే వెర్షన్ మీడియాతో సెటప్ తెరిచి, ఉన్న ఇన్‌స్టెన్స్‌కి ఫీచర్లు కలపడం అనే ఆప్షన్ ఎంచుకుని, డేటాబేస్ ఇంజిన్ కింద ఎస్‌క్యూఎల్ సర్వర్ రెప్లికేషన్ పక్కన టిక్ పెట్టండి. పొరపాటున కొత్త ఇన్‌స్టలేషన్ అని నొక్కితే మూడో ఇన్‌స్టెన్స్ పుడుతుంది, అప్పుడు నేను ఇదంతా మళ్ళీ రాయాలి. టిక్ పెట్టి పూర్తయ్యాక, అంతకుముందు వేసిన క్యుములేటివ్ అప్‌డేట్‌ని ఇంకోసారి వేయండి, లేకపోతే ఇంజిన్ ఒక వయసులో, కొత్తగా వచ్చిన ఫీచర్ ఇంకో వయసులో ఉంటాయి. ఎస్‌పీ_ఎంఎస్_రెప్లికేషన్_ఇన్‌స్టాల్డ్ అనే ప్రొసీజర్‌ని రన్ చేసి, అది తిరిగి ఇచ్చే విలువ 1 అయితే కాంపోనెంట్లు వచ్చినట్టు. ఆ తర్వాత కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఏజెంట్ సర్వీసుని ఎనేబుల్ చేసి, ఆటోమేటిక్ మీద పెట్టండి. ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చిన ఇన్‌స్టెన్స్‌లో అది దానంతట అది లేవదు. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ ఐపీ కూడా మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, ఇన్‌స్టెన్స్‌కి ఒక స్థిరమైన పోర్ట్ ఇచ్చి, ఫైర్‌వాల్‌లో తెరవండి. పాత స్టాండర్డ్ ఇంకా 1433 మీద కూర్చుని ఉంటే దీనికి వేరే నంబరు ఇవ్వాలి.

మధ్యలో ఎప్పుడైనా ఆ సర్వర్‌కి విండోస్‌లో పేరు మార్చారా? ఎస్పీ రోడ్డు నుంచి కొత్త మెషీన్ తెచ్చి, పాత హార్డ్ డిస్క్ క్లోన్ చేసి, పేరు మార్చి పెట్టుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. అలా చేస్తే @@సర్వర్‌నేమ్ పాత పేరే చెబుతుంటుంది, రెప్లికేషన్ విజార్డ్ మొదటి అడుగులోనే మొరాయిస్తుంది. ఎస్‌పీ_డ్రాప్‌సర్వర్‌తో పాత పేరు తీసి, ఎస్‌పీ_యాడ్‌సర్వర్‌తో కొత్త పేరుని లోకల్ అని చేర్చి, సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. ఇది రెప్లికేషన్ పెట్టకముందే చేయాల్సిన పని. పెట్టాక అయితే ఆ పేరు తీయనివ్వదు.

ఇక పబ్లికేషన్ మళ్ళీ కట్టడం. ఇంతవరకు చెప్పినవాటిలో తప్పు జరిగితే పని ఆలస్యం అవుతుంది, ఇక్కడ తప్పు జరిగితే డేటా పోతుంది. కాబట్టి కొంచెం నెమ్మదిగా చదవండి.

మీ పాత పబ్లికేషన్ ట్రాన్సాక్షనల్ రకం. మార్పు జరిగిన రో (టేబుల్‌లో ఒక వరస) మాత్రమే బ్రాంచికి వెళ్తుంది. దీనికి ప్రతి టేబుల్‌కీ ప్రైమరీ కీ, అంటే ఒక్కో రోని విడిగా గుర్తుపట్టే కాలమ్, ఉండాలి. కొత్త వెర్షన్‌లో టేబుళ్ళు మారి ఉంటాయి, కొన్నింటికి కీ లేకపోతే విజార్డ్ వాటిని ఎంచుకోనివ్వదు. అప్పుడు చాలామంది చేసే పని, "మెర్జ్ రకం పెడితే కీ అడగదుగా" అని అటు వెళ్ళడం. నేనూ ఒకసారి వెళ్ళాను. పీణ్యాలో ఒక స్పేర్ పార్ట్స్ ఫ్యాక్టరీ, మార్చి 30వ తేదీ, ఇయర్ ఎండింగ్ హడావుడి. మెర్జ్ పబ్లికేషన్ పెట్టి, టెస్ట్ చేసి, భోజనానికి కూర్చున్నాను. మొదటి ముద్ద దించేలోపు డిస్పాచ్ సెక్షన్ నుంచి ఫోను, గేట్ పాస్ ప్రింట్ కావట్లేదని. బయట నాలుగు లారీలు ఆగి ఉన్నాయి. చూస్తే, ఇచ్చిన విలువల లెక్క టేబుల్ కాలమ్‌లతో సరిపోవట్లేదని 213 ఎర్రర్. మెర్జ్ రెప్లికేషన్ తన అవసరానికి ప్రతి టేబుల్‌కీ రోగైడ్ అనే కాలమ్ ఒకటి తగిలిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినాయన ఇన్‌సర్ట్‌లో కాలమ్ పేర్లు రాయకుండా నేరుగా విలువలు ఇచ్చేశాడు. నిన్నటిదాకా పన్నెండు కాలమ్‌లు, పన్నెండు విలువలు. ఈరోజు పదమూడు కాలమ్‌లు. పబ్లికేషన్ తీసేసి టేబుళ్ళు మునుపటి ఆకారానికి వచ్చేసరికి నాలుగున్నర అయింది. అన్నం డబ్బా అలాగే ఇంటికి తీసుకెళ్ళాను. మనం రాయని సాఫ్ట్‌వేర్ టేబుళ్ళ మీద మెర్జ్ పెట్టే ముందు ఆ కంపెనీ వాళ్ళ మాట తీసుకోవాల్సిందే. అలాగే కీ లేని టేబుల్‌కి మీరే కీ తగిలించకండి, వాళ్ళనే అడగండి. తర్వాత సపోర్ట్ అడిగినప్పుడు "మీరు టేబుల్ మార్చారు" అని చేతులు దులుపుకునే అవకాశం ఇవ్వొద్దు.

రెండో సంగతి స్నాప్‌షాట్, అంటే మొదటిసారి బ్రాంచికి వెళ్ళే పూర్తి కాపీ. కొత్త సబ్‌స్క్రిప్షన్ మొదటిసారి లేచినప్పుడు, బ్రాంచిలో అదే పేరుతో టేబుల్ ఉంటే దాన్ని తీసేసి కొత్తది పెట్టడం డీఫాల్ట్. డ్రాప్ చేసి క్రియేట్ చేస్తుంది, అందులో ఉన్నదంతా పోతుంది. ఐటమ్ మాస్టర్‌కి పర్వాలేదు, అది ఎలాగూ హెడ్డాఫీసుదే. కానీ కొత్త వెర్షన్‌లో రేట్లూ, బ్రాంచి స్టాకూ ఒకే టేబుల్‌లో కలిపేసి ఉంటే? హొసూరు స్టాకు మీద చిక్‌పేట స్టాకు పరుచుకుంటుంది. పాత స్క్రిప్ట్‌లో ఉన్న టేబుల్ పేర్లని కళ్ళు మూసుకుని కొత్తదాంట్లో పెట్టకండి, ఒక్కో టేబుల్ తెరిచి కాలమ్‌లు చూడండి. ఇంకో చిన్న విషయం, వెతుకులాటని వేగం చేసే నాన్‌క్లస్టర్డ్ ఇండెక్సులు డీఫాల్ట్‌గా బ్రాంచికి వెళ్ళవు. అక్కడ బార్‌కోడ్ స్కాన్ చేసి మూడు సెకన్లు ఆగాల్సి వస్తోందని ఎవరైనా అంటే కారణం అదే. ఆర్టికల్ (పబ్లికేషన్‌లోని టేబుల్) ప్రాపర్టీస్‌లో వాటికి ట్రూ పెట్టండి.

మూడోది ట్రిగ్గర్లు, అంటే రో మారగానే వాటంతట అవే నడిచే కోడ్ ముక్కలు. బ్రాంచిలో కూడా అదే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి అవే ట్రిగ్గర్లు అక్కడా ఉంటాయి. హెడ్డాఫీసులో ఒక రో మారి ట్రిగ్గర్ దాని పని చేస్తుంది, ఆ ఫలితం రెప్లికేషన్‌లో బ్రాంచికి వెళ్తుంది, అక్కడ ట్రిగ్గర్ మళ్ళీ అదే పని చేస్తుంది. రెండు చీరలు అమ్మితే నాలుగు తగ్గుతాయి. బ్రాంచిలోని ట్రిగ్గర్లకి నాట్ ఫర్ రెప్లికేషన్ అన్న మాట ఉందో లేదో సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడిగి తేల్చుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, వరస. హెడ్డాఫీసు కొత్త వెర్షన్‌లో, బ్రాంచీలు పాత వెర్షన్‌లో ఉన్నంతవరకు స్నాప్‌షాట్ పంపకండి. కొత్త ఆకారపు టేబుల్ వెళ్ళి పాత సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే మారతహళ్ళిలో బిల్లింగ్ తెర తెరుచుకోదు. ముందు బ్రాంచీల్లో కూడా కొత్త వెర్షన్ వేయించండి. ఆ కుర్రాడు వచ్చినప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, అడ్వాన్స్‌డ్ బటన్ మీరే చూపించండి. అక్కడ ఉన్న ఇన్‌స్టెన్స్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి. ట్రాన్సాక్షనల్ రెప్లికేషన్‌లో పబ్లిషర్‌కీ సబ్‌స్క్రైబర్‌కీ మధ్య రెండు వెర్షన్ల దూరం దాకానే ఒప్పుకుంటుంది. హెడ్డాఫీసు 2019 అయితే బ్రాంచిలో 2016 సరిపోతుంది, 2014 సరిపోదు. బ్రాంచిలో ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉన్నా ఇబ్బంది లేదు, అది పుచ్చుకునే వైపే కదా. కాకపోతే అక్కడ ఏజెంట్ ఉండదు కాబట్టి సబ్‌స్క్రిప్షన్‌ని పుష్ రకంగా పెట్టండి. అప్పుడు ఏజెంట్లన్నీ చిక్‌పేటలోనే నడుస్తాయి, స్నాప్‌షాట్ ఫోల్డర్‌ని బ్రాంచికి షేర్ చేసే తలనొప్పి కూడా తప్పుతుంది.

పాత ఇన్‌స్టెన్స్‌ని ఏం చేయాలి? కొత్తది వారం రోజులు కుదురుగా నడిచాక, అక్కడి పబ్లికేషన్‌ని ఎస్‌పీ_రిమూవ్‌డీబీరెప్లికేషన్‌తో తీసేసి, డేటాబేస్‌ని రీడ్ ఓన్లీ చేయండి. పబ్లికేషన్ ఉండగా ఏజెంట్‌ని మాత్రం ఆపేసి వదిలేయకండి. లాగ్ రీడర్ చదవని ట్రాన్సాక్షన్ లాగ్ ఖాళీ కాదు, డిస్క్ నిండేదాకా పెరుగుతుంది. సిస్.డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అన్న కాలమ్‌లో రెప్లికేషన్ అని కనబడితే అదే జబ్బు.

సెలవుల మాట కూడా చెప్పాలి. పంపాల్సిన మార్పుల్ని డిస్ట్రిబ్యూషన్ డేటాబేస్ డీఫాల్ట్‌గా 72 గంటలే దాచుకుంటుంది. బెంగళూరులో ఆయుధ పూజకి కంప్యూటర్లకి కూడా పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, తాళం వేసి ఊళ్ళకి వెళ్ళిపోతాం. బ్రాంచి నాలుగు రోజులు ఆఫ్‌లో ఉంటే, తిరిగొచ్చాక సబ్‌స్క్రిప్షన్ ఇనాక్టివ్ అయింది, రీఇనీషియలైజ్ చేయండి అంటుంది. డిస్ట్రిబ్యూటర్ ప్రాపర్టీస్‌లో ఆ 72ని 168 చేసుకోండి, డిస్క్‌లో చోటు ఉంటే.

స్నాప్‌షాట్‌ని షాపు మూశాక రాత్రి పంపండి. పొద్దున్నే రెప్లికేషన్ మానిటర్‌లో ట్రేసర్ టోకెన్ ఒకటి వదిలితే, చిక్‌పేట నుంచి బ్రాంచికి చేరడానికి ఎంతసేపు పట్టిందో సెకన్లతో సహా చూపిస్తుంది. టోకెన్ చేరినంత మాత్రాన సరిపోదు. హెడ్డాఫీసులో ఐటమ్ మాస్టర్ రోల లెక్క తీసి, రెండు బ్రాంచీల్లోనూ అదే లెక్క వస్తోందో చూడండి. తర్వాత ఒక చీర రేటు ఒక్క రూపాయి పెంచి, హొసూరుకి ఫోన్ చేసి, వాళ్ళ తెర మీద ఎంత కనబడుతోందో చదివించుకోండి. మళ్ళీ రూపాయి తగ్గించడం మర్చిపోకండి.

@@వెర్షన్ చూపించిన లైను ఏదో రాయండి, ఏ దారిలో వెళ్ళాలో దాన్ని బట్టి మిగతాది చెబుతాను.